ఒకే ఊరి అఫిడవిట్

కరెంటు వచ్చింది గానీ
ప్రింటరు ఇంకా దగ్గుతూనే ఉంది.
చంద్రగిరి బస్సు దిగి వచ్చిన పల్జోర్ తాత
ప్లాస్టిక్ కవరొకటి నా కౌంటరు మీద పెట్టాడు.
శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ పక్కన
ముప్పై చలికాలాలు స్వెట్టర్లమ్మిన తెలుగు ఆయనది.
"బావూ, సైజు కుదర్లేదు" అన్నాడు.
సైజంటే, పుట్టిన ఊరి పేరు.

పాత పచ్చపుస్తకంలో మార్ఖమ్.
కే పక్కన హెచ్ ఉంది.
కొత్త కార్డులో మార్కమ్.
హెచ్‌ని ఎవరో కోసుకుపోయారు.
మేనల్లుడు ఫోన్లో చూసి నింపిన ఫారంలో
కౌంటీ: మాంగ్‌ఖాంగ్.
చైనా నోట్లో పడి నలిగిన మాట
ఇంగ్లీషు చొక్కా తొడుక్కుని నిలబడింది.
దాని కింద ఎర్రసిరా:
పేర్లు సరిపోలడం లేదు.

"నువ్వేమంటావు తాతా మీ ఊరిని?"
అన్నాడు.
పెదాలు మూసుకుని మొదలై
పెదాలు మూసుకునే ఆగింది ఆ మాట.
నడుమ ఎక్కడో ఒక కనుమ,
గాలి.
దానికి నా కీబోర్డులో బొత్తం లేదు.

"ఊరి కింద ఏరు బావూ.
ఇటు గట్టున ఉప్పు ఎర్రగుంటాది,
అటు గట్టున తెల్లగుంటాది.
నీళ్ళు ఒకటే.
తెల్లది టీలోకి, ఎర్రది జడలబర్రెలకి.
ఏడేళ్ళు నాకు, వచ్చేసేటప్పుడు.
ఉప్పు జేబులోనే కరిగిపోయింది."

నాకు కొత్త కాదు ఈ బాధ.
మా తాత పుట్టింది గంజాం జిల్లా, మద్రాసు రాజధాని.
మా నాన్న గంజాం జిల్లా, ఒరిస్సా.
నా కొడుకు గజపతి జిల్లా, ఒడిశా.
ముగ్గురూ పుట్టింది ఒకే పెంకుటింట్లో
వీధివైపు గదిలో.
మంచం కూడా జరగలేదు.

నోటికి పర్లాకిమిడి.
తొందర్లో ఉంటే పర్లా.
స్టేషను బోర్డు మీద పారళాఖెముండి,
ఎవరో చుట్టాన్ని పరిచయం చేసినట్టు.
నా టెన్త్ సర్టిఫికెట్లో మ తర్వాత ఐ,
డిగ్రీలో ఈ.
ఆ ఒక్క అక్షరానికి బ్యాంకువాడు
నన్ను ఇద్దరిని చేశాడు.
ఒకడికే లోనిచ్చాడు.
కంతులు మాత్రం ఇద్దరం కట్టాం.

అందుకే నా కంప్యూటర్లో ఒక ఫైలు
ఎప్పుడూ తెరిచే ఉంటుంది.
పేరు, రెండూ ఒకటే.
ఊళ్ళో సగం మందికి దాంట్లోంచే తీసిచ్చాను.
పేర్లు మార్చడమే పని.
మార్చాను.
స్టాంపు కాగితం లోపలికి తోశాను.
నోటరీ బెహరాగారు
పాన్ నముల్తూ, చదవకుండానే ముద్ర గుద్దారు.
నలభై రూపాయలు తీసుకుని
తాతకి దండం పెట్టి పంపాను.

తర్వాత కాపీ దాచుకోబోతూ చూశాను
నాలుగో పేరా.
"పై కాగితాలలో కనబడు మార్ఖమ్, మార్కమ్,
మాంగ్‌ఖాంగ్, పారళాఖెముండి అనునవి
ఒకే ఊరి పేర్లనియు
వేరు వేరు ఊళ్ళు కావనియు
దైవసాక్షిగా..."

చెప్పులు తప్పుకాలికి తొడుక్కుని పరుగెత్తాను.
బస్సు ఇంజను వేసుకుని ఉంది.
కిటికీ పక్కన తాత,
ఒళ్ళో రెండు కిలోల నౌపడ ఉప్పు.

చెప్పాను.
వేలితో వెతుక్కుంటూ చదివాడు.
చాలాసేపు.
వెనకాల ఎవరిదో కోడి అరుస్తోంది.

"నీ ఊర్లో హెచ్ ఉందేటి?"
"ఉంది తాతా. కే పక్కనే."

కవర్లో పెట్టి
కవరు చొక్కాలోపల పెట్టి
బొత్తాం వేసుకున్నాడు.
"పంపిచ్చేస్తాను. ఢిల్లీవోడు చదవడులే" అన్నాడు.

కండక్టరు ఈల ఊదాడు.
నా ఎడమచెప్పు స్టాండు బురదలో దిగబడిపోయింది.